సిరిమాను వారంలో ఇంట్లోంచి ఎల్‌శాట్ రాయడం కుదిరే పనేనా?

ఇజీనగరం_కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మూడు లాంతర్ల దగ్గర సందులో మా అత్తవారిల్లు. మా ఆయన న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నారు. నా హెచ్-4 డిపెండెంట్ వీసా సంగతి తేలేదాకా నేను ఇక్కడే ఉంటూ, హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచి కాంట్రాక్టులు చదివిపెట్టే పని చేస్తున్నాను. చదివింది ఎం.ఏ. ఇంగ్లీష్, లా డిగ్రీ లేదు. ఎవరో లాయర్లు రాసిన ఒప్పందాల్లో ఎక్కడ ఏ మాట తేడాగా ఉందో ఇన్నాళ్ళూ నేను వెతికిపెడుతున్నాను, పేరు మాత్రం వాళ్ళది. అక్కడికి వెళ్ళాక జేడీ, అంటే అక్కడి లా డిగ్రీ, చేసి ఆ పేరేదో నేనే పెట్టుకుందామని ఆశ. 2025 అక్టోబర్ ఎల్‌శాట్‌కి, అంటే అక్కడి లా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్షకి, డబ్బు కట్టేశాను.

ఇది సెంటర్‌కి వెళ్ళి రాయొచ్చు, లేదా ఇంట్లోనే సొంత ల్యాప్‌టాప్ మీద, ప్రోక్టర్, అంటే పరీక్షకి కాపలా ఉండే మనిషి, కెమెరాలోంచి చూస్తుండగా రాయొచ్చు. రెంటిలో ఏదో తేల్చుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. అక్కడే ఆగిపోయాను.

ఎందుకో మా ఊరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. పరీక్ష రోజులు కూడా ఆ చుట్టుపక్కలే పడ్డాయి. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. పొడవాటి చింతమాను చివర పూజారిగారు కూర్చుంటే, ఆ మానుని గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. చూడ్డానికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. ఆ రోజు మా సందులో ఏ మేడ మీదా కాలు పెట్టే చోటుండదు. మా ఇంటికి ఎంతమంది చుట్టాలొస్తారో మా అత్తయ్య కూడా ముందుగా చెప్పలేరు, బియ్యం మాత్రం బస్తా తెప్పించేస్తారు. ఆడపడుచులిద్దరూ పిల్లల్ని తీసుకుని వారం ముందే దిగుతారు. పెద్ద కోడల్ని నేనే. నేను మూడు గంటలు తలుపేసుకుని కూర్చుంటే, ‘ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి’ అంటూ వచ్చిన వాళ్ళందరూ ఒక్కో రౌండు తలుపు కొట్టి వెళ్తారు. ఇక మైకుల సంగతి వేరే చెప్పాలా.

ఇల్లు చూస్తే కింద మూడు గదులు, మేడ మీద ఒకటి. మేడ గదికి లోపల గడియ ఉంది గానీ, కిటికీ వీధి వైపుకే. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంది. ఇన్వర్టర్‌కి ఫ్యాన్లూ లైట్లూ కలిపారు, రౌటర్ ఉన్న ప్లగ్గు కలపలేదు. నా ఆఫీసు పని ఇలాగే నడిచిపోతోంది, నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటాను. పరీక్షలో అలా కుదరదు కదా?

రెండో దారి పుట్టిల్లు. చీపురుపల్లి దగ్గర పల్లె. ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అంత సిగ్నల్ లేని చోటు. నాతో వీడియోకాల్ మాట్లాడాలంటే మా అమ్మ కళ్ళం దాకా నడవాలి. మూడోది హైదరాబాద్ సెంటర్. రాత్రి బండెక్కితే పొద్దున్నకి చేరతాను, అది కష్టమేం కాదు. పెద్ద పండగ నాలుగు రోజుల్లో ఉందనగా పెద్ద కోడలు ఊళ్ళో లేదంటే మాత్రం, ఆ మాట వచ్చే ఏడాది సిరిమాను దాకా నడుస్తుంది.

ఇక్కడి నుంచి, అంటే విజయనగరమో శ్రీకాకుళమో మన వైపు ఇళ్ళల్లోంచి ఇలాంటి పరీక్ష రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అసలు గదిలో ఏం చూస్తారు? బయట మైకు మోగితే పరీక్ష రద్దు చేసేస్తారా? మధ్యలో నెట్ పోతే ఏమవుతుంది? ‘అంతా బాగానే అవుతుంది, టెన్షన్ పడకండి’ అనే జవాబులు మా ఆయన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. కాబట్టి మీరు కాస్త వివరంగా చెప్పండి.

---

గరివిడి_టు_గచ్చిబౌలి:

హైదరాబాద్ వచ్చేయండి మేడమ్. సెంటర్‌లో కంప్యూటర్ వాళ్ళది, నెట్ వాళ్ళది, కరెంటు వాళ్ళది. ఏం జరిగినా వాళ్ళ నెత్తినే. ఇంట్లో అయితే అన్నీ మీ నెత్తిన. అత్తయ్యగారికి ఆఫీసు మీటింగ్ అని చెప్పండి, అయిపోయింది.

---

బొబ్బిలి_వీణ:

అక్కా, నేను 2022 చివర్లో బొబ్బిలిలో మా ఇంట్లోంచి రాశాను. ఇప్పుడు అమెరికాలో జేడీ ఆఖరి ఏడాది. అప్పుడు ఇంటి నుంచి రాయడం ఒక్కటే మాకు వీలుగా ఉండేది. పైగా నా స్లాట్ మన టైములో రాత్రి పూట వచ్చింది. అప్పటి ప్రశ్నపత్రానికీ ఇప్పటిదానికీ తేడా ఉంది, దాని గురించి తరవాత చెప్తాను. గది సంగతి మాత్రం అదే.

మొదట పాస్‌పోర్టు కెమెరాకి చూపించాలి. తరవాత ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని గదంతా తిప్పి చూపించాలి. నాలుగు గోడలు, పైకప్పు, బల్ల మీద, బల్ల కింద, కుర్చీ వెనక, తలుపు. మా ఇంట్లో బల్ల అంటే పాత టేకు బల్ల, సొరుగులతో. సొరుగులు లాగి ఖాళీవని చూపించమన్నాడు. గోడ మీద దేవుళ్ళ పటాలకి ఏమీ అనలేదు గానీ, పక్కనున్న తెలుగు క్యాలెండర్ మాత్రం తీసేయమన్నాడు. దాని మీద తిథులూ వర్జ్యాలూ చిన్న అక్షరాల్లో ఉంటాయి కదా, అవేం రాతలో అతనికేం తెలుసు పాపం. చొక్కా చేతులు పైకి మడిచి చూపించాను, జేబులు బయటికి లాగి చూపించాను, కళ్ళజోడు తీసి రెండు వైపులా చూపించాను. మీరైతే జుట్టు వెనక్కి తీసి చెవులు చూపించమంటారు. గాజులు, చెవి దుద్దులు, నల్లపూసల గురించి వాళ్ళకి ముందే మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. ఆ రోజు కెమెరా ముందు కూర్చుని తాళి అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తెల్లకాగితాలు, పెన్ను, నీళ్ళు ఉంచుకోవచ్చు. ఎన్ని కాగితాలు, ఎలాంటి సీసా అన్నది మీ పరీక్షకి ఇచ్చిన నిబంధనల్లో చూడండి, అవి మారుస్తూ ఉంటారు. కాగితాలు కూడా రెండు వైపులా తిప్పి చూపించాలి. ఫోన్ గదిలోనే ఉండకూడదు. స్క్రీన్ ఒకటే. ఆఫీసు పనికి పక్కన ఇంకో మానిటర్ పెట్టుకుని ఉంటే తీసి వేరే గదిలో పెట్టేయండి, గుడ్డ కప్పితే చాలదు. ఇంకో మాట. మీ ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చినదైతే దాంతో రాయొద్దు. ఆఫీసు వాళ్ళు పెట్టే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్, వీపీఎన్ ఈ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ని మొదలవనివ్వవు. వాటిని తీసేసే అధికారం కూడా మీకు ఉండదు. మరిదిగారిదో ఎవరిదో సొంతది అడగండి. అడిగి, పరీక్ష ముందురోజు కాదు, ఇప్పుడే సిస్టమ్ చెక్ నడిపి చూడండి.

పరీక్ష నాలుగు భాగాలు, ఒక్కోటి 35 నిమిషాలు. రెండు అయ్యాక 10 నిమిషాల విరామం. ఆ విరామంలో లేవొచ్చు, తిరిగొచ్చాక మళ్ళీ తనిఖీ ఉంటుంది. మిగతా సమయంలో కెమెరా నుంచి పక్కకి జరగకూడదు. నాకు చిన్నప్పటి నుంచి చదివేటప్పుడు పెదాలు కదిపే అలవాటు. మొదటి భాగంలోనే చాట్‌లో మెసేజ్ వచ్చింది, పైకి చదవొద్దని. ప్యాసేజ్ మధ్యలో ఆ మెసేజ్ చదివి, సరే అని టైపు చేసి, మళ్ళీ ప్యాసేజ్‌లోకి రావడానికి ఎంత టైము పోయిందో. మీకూ ఆ అలవాటుంటే ఇప్పట్నుంచే మానండి.

రెండో భాగంలో నెట్ పోయింది. మళ్ళీ లాగిన్ అయితే అంతదాకా నేను పెట్టిన జవాబులు అలాగే ఉన్నాయి, వదిలిన చోట నుంచే మొదలైంది. కాకపోతే ప్రోక్టర్ మళ్ళీ లైన్లోకి వచ్చేదాకా ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. ఆ సేపు మన బుర్ర ఎక్కడెక్కడికో పోతుంది. ఇలాంటిది జరిగితే పరీక్ష అయిన వెంటనే, ఏ భాగంలో ఎన్ని గంటలకి ఏమైందో రాసి, ఈ పరీక్ష పెట్టే సంస్థ ఎల్‌శాక్‌కి ఫిర్యాదు పెట్టుకోవాలి. నిజంగా పరీక్ష చెడిపోయిందని వాళ్ళు ఒప్పుకుంటే మళ్ళీ రాయనిస్తారు. ఫలితం వచ్చాక చూద్దాంలే అని ఆగితే గడువు దాటిపోతుంది.

ఇక అసలు సంగతి. పైన ఆయన చెప్పినట్టు మెషీనూ నెట్టూ కరెంటూ మన నెత్తినే, నిజమే. కానీ వాటన్నిటికీ డబ్బు పెడితే, లేదా ఎవరినైనా అడిగితే, మందు దొరుకుతుంది. దొరకనిది మనుషుల నుంచి మూడు గంటల ఖాళీ. మా ఇంట్లో ఆ రాత్రి నాన్న వీధి గేటుకి తాళం వేశాడు, అన్నయ్య తన పిల్లల్ని తీసుకుని వాళ్ళ అత్తారింటికి సాలూరు వెళ్ళాడు, పక్కింటి మావయ్యకి బోరు మోటార్ వేయొద్దని ముందే చెప్పాం. నా గది తలుపు వేయడం కాదు, లోపల గడియ పెట్టాను. ఇంతా చేస్తే అది మామూలు వారం, మామూలు రాత్రి.

దూరంగా మైకు మోగినంత మాత్రాన పరీక్ష ఆపరు. గదిలోకి మనిషి వచ్చినా, గదిలో మాట వినబడినా, ఎవరైనా మీకు జవాబు చెప్తున్నారన్న అనుమానం వచ్చినా అప్పుడు గొడవ. అయితే సంగతి వాళ్ళు ఆపుతారా లేదా అన్నది కాదు కదా. తొలేళ్ళ రోజు మూడు లాంతర్ల దగ్గర కిటికీ మూసుకుని రీడింగ్ కాంప్రహెన్షన్ చదవడం ఎవరి తరం? నేనైతే ఆ ఇంట్లో రాయను. హైదరాబాద్ కూడా పోను. ఊళ్ళోనే ఇంకో ఇల్లు చూస్తాను. బాబామెట్ట, ధర్మపురి, కంటోన్మెంట్ వైపు మీకు ఎవరూ లేరా? పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి పండగ పనుల్లోకి వచ్చేయొచ్చు.

---

సిక్కోలు_వకీలు:

అమ్మా, నేను శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. మీ పరీక్ష నాకు తెలియదు గానీ, ఇంట్లోంచి రాసే లా ఎంట్రన్స్ అంటే నాకు 2020 గుర్తొస్తుంది. కరోనా ఏడాది నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్ క్లాట్ వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే, బెంగళూరు నేషనల్ లా స్కూల్ విసిగి, తన సొంతంగా ఎన్‌లాట్ అని ఇంట్లోంచి రాసే పరీక్ష పెట్టింది. సెప్టెంబర్ 12న పరీక్ష జరిగింది. సాంకేతిక ఇబ్బందులు వచ్చిన వాళ్ళకి 14న మళ్ళీ పెట్టారు. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్నే కొట్టేసింది, క్లాట్ ద్వారానే సీట్లు ఇవ్వమంది. క్లాట్ అదే నెల 28న సెంటర్లలో జరిగింది. ఇంట్లో రాసే పరీక్షలో పారదర్శకత ఎలా నిలుస్తుంది, మంచి కంప్యూటరూ నెట్టూ లేని పిల్లల గతి ఏమిటి అన్నవే అక్కడ నడిచిన వాదనలు. మన వైపు ఏజెన్సీ పిల్లల్ని చూసిన నాకు ఆ తీర్పు సబబుగానే తోచింది. మన దేశంలో ఎల్‌శాట్-ఇండియా అని ఒకటి కొన్నేళ్ళు ఇంట్లోంచి నడిచింది, 2024తో అదీ ఆగిపోయింది.

అడగకపోయినా ఒక సలహా. మీకు డిగ్రీ ఉంది కాబట్టి మన రాష్ట్రం లా ఎంట్రన్స్ లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ ఇక్కడే చేయండి. డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు. సెంటర్‌లో కంప్యూటర్ మీద 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు, ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. తరవాత అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం చేద్దురు గాని, దానికి సాధారణంగా ఎల్‌శాట్ అక్కర్లేదు. ఖర్చు తేడా కూడా చూసుకోండి. అక్కడ పేరున్న ప్రైవేటు లా స్కూళ్ళలో ఏడాది ఫీజే 70,000 డాలర్లు దాటుతుంది.

---

ఇజీనగరం_కోడలు:

వకీలుగారూ, మీ సలహా మా మావయ్యగారు కూడా ఇచ్చారు, దాదాపు ఇవే మాటల్లో. ఇక్కడ మూడేళ్ళు ఎల్‌ఎల్‌బీ అంటే ఇంకో మూడేళ్ళు మా ఆయన అక్కడ, నేను ఇక్కడ. తరవాత మళ్ళీ ఎల్‌ఎల్‌ఎం. పైగా నేను అక్కడే ప్రాక్టీసు చేయాలనుకుంటున్నాను, ఎల్‌ఎల్‌ఎం చేసిన వాళ్ళని లాయర్ లైసెన్సు కోసం రాసే బార్ పరీక్షకి కూర్చోనిచ్చే రాష్ట్రాలు కొన్నే. ఫీజు మాట నిజం. స్కాలర్‌షిప్ రాకపోతే చేరను. స్కాలర్‌షిప్ రావాలంటే మళ్ళీ ఈ స్కోరే కావాలి. అందుకే ఇంత గోల.

బొబ్బిలి తమ్ముడూ, కంపెనీ ల్యాప్‌టాప్ సంగతి నాకు తట్టనే లేదు. నిజంగానే నాది ఆఫీసుదే. బాబామెట్టలో మా పిన్ని వాళ్ళున్నారు, మేడ మీద పోర్షన్ అద్దెకి ఇచ్చేది, ఇప్పుడు ఖాళీగా ఉంది. అక్కడ నెట్ లేదు. ఒక్క రోజు కోసం ఏం పెట్టించాలి? హాట్‌స్పాట్‌తో రాయనిస్తారా?

---

కాశీబుగ్గ_జీడిపప్పు:

నేను ఎల్‌శాట్-ఇండియా ఇంట్లోంచే రాశాను, 2021లో. మీది వేరే పరీక్షే గానీ కెమెరా ముందు కూర్చోబెట్టే తంతు ఒకలాంటిదే. మాది కాశీబుగ్గ. అక్టోబర్ అంటేనే మాకు భయం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లూ జీడితోటలూ పోయాయి, కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబర్ 12నే. అక్టోబర్‌లో ఈ తీరాన పరీక్ష పెట్టుకున్న వాళ్ళు ముందు వాతావరణం చూసుకోవాలి. మార్చుకునే గడువు ఎప్పటి వరకో, ఎంత కట్టాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. వాయుగుండం పుట్టాక వెతక్కండి.

నెట్ విషయం. హాట్‌స్పాట్ పెట్టొచ్చు గానీ, ఫోన్ గదిలో ఉండకూడదు కదా, కాబట్టి తలుపు అవతల స్టూలు మీద పెట్టి ఛార్జర్‌కి తగిలించాలి. గోడ మందంగా ఉంటే సిగ్నల్ తగ్గుతుంది. పైగా ఆ ఫోన్‌కి ఎవరైనా కాల్ చేస్తే కొన్ని ఫోన్లలో నెట్ తెగిపోతుంది. మా నాన్న ఫోన్ పెడితే మాక్ పరీక్ష మధ్యలో సరిగ్గా అలాగే అయ్యింది, ఎరువుల కొట్టు ఆయన ఫోన్ చేశాడు. అందుకని ఎవరికీ నంబరు తెలియని కొత్త సిమ్ పెట్టాం. ఇంకా మంచిది సిమ్ వేసుకునే చిన్న వైఫై డబ్బా. కానీ సిరిమాను రోజుల్లో ఊళ్ళోకి లక్షల మంది వస్తే మొబైల్ నెట్ ఎలా ఉంటుందో మీకే తెలియాలి. నా మాట విని నెలకి ఫైబర్ పెట్టించేయండి. తరవాత పిన్నిగారే వాడుకుంటారు. ల్యాప్‌టాప్‌కి వైర్‌తో కలపండి.

రౌటర్‌కి మినీ యూపీఎస్ అని దొరుకుతుంది, అరచెయ్యంత ఉంటుంది, 12 వోల్టులది. కరెంటు పోయినా రౌటర్ వెలుగుతూనే ఉంటుంది. అది చాలదు మళ్ళీ. వీధి చివర కేబుల్ వాళ్ళ డబ్బాకి కూడా కరెంటు కావాలి, దానికి బ్యాటరీ ఉందో లేదో వాళ్ళ మనిషిని అడగండి. మా దగ్గర ఆయన ‘ఉందండీ’ అన్నాడు. నేను నమ్మక, ఒకసారి కరెంటు పోయినప్పుడు చూశాను. ఇంట్లో రౌటర్ లైట్లు అన్నీ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం లేదు. మీరూ అలాగే ఒక కరెంటు కోతలో చూసుకోండి, కోతలకి కొరతేముంది.

---

ఇజీనగరం_కోడలు:

ఇది చాలా పనికొచ్చింది అప్పా. ఫైబర్ వాళ్ళకి ఫోన్ చేస్తున్నాను. అత్తయ్యకి కూడా సగం చెప్పాను. ‘పరీక్షంటే పరీక్షనే చెప్పక మీటింగేటి, నాకు తెలీదనుకున్నావా’ అన్నారు. సో గచ్చిబౌలి గారి ఉపాయం మొదటి రోజే పోయింది.

తమ్ముడూ, పత్రంలో తేడా ఉందన్నావు కదా, చెప్పు. విశాఖలో పాత పుస్తకాల కొట్లో ఒక లావు ఎల్‌శాట్ పుస్తకం కొన్నాను. అందులో ఏడుగురు మనుషులు ఏడు కుర్చీల్లో ఎలా కూర్చుంటారు అన్న లెక్కలు పేజీలకి పేజీలు ఉన్నాయి. వాటితో నాకు నిద్ర పట్టడం లేదు.

---

బొబ్బిలి_వీణ:

అక్కా, ఆ కుర్చీల లెక్కలు నిశ్చింతగా వదిలేయండి. వాటిని లాజిక్ గేమ్స్ అంటారు, 2024 ఆగస్టు నుంచి పరీక్షలో లేవు. బొమ్మ గీసుకుంటే తప్ప తేలని ప్రశ్నలు చూపు లేని వాళ్ళకి అన్యాయమని కేసు పడింది. 2019లో రాజీ కుదిరింది, ఆ మాట ప్రకారం తీసేశారు. నేను రాసినప్పుడు ఉండేవి. నా స్కోరులో బాగున్న భాగం అదొక్కటే, అందుకని నాకు ఇప్పటికీ వాటి మీద ప్రేమ. ఇప్పుడు లెక్కలోకి వచ్చేవి లాజికల్ రీజనింగ్ రెండు భాగాలు, రీడింగ్ కాంప్రహెన్షన్ ఒకటి. నాలుగోది ఈ రెంటిలోంచే ఏదో ఒకటి, దానికి మార్కులుండవు. ఏది లెక్కలోకి రానిదో మీకు చెప్పరు, కాబట్టి అన్నీ ఒకేలా రాయాలి. స్కోరు 120 నుంచి 180. తప్పుకి కోత లేదు, ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. మీ లావు పుస్తకంలో లాజికల్ రీజనింగ్ భాగం ఇప్పటికీ పనికొస్తుంది, అది పారేయకండి.

అభ్యాసం మాత్రం స్క్రీన్ మీదే చేయండి. ఎల్‌శాక్ వాళ్ళ లాహబ్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే పాత అసలు పత్రాలు కొన్ని ఉచితం, ఏడాదికి డబ్బు కడితే చాలా వస్తాయి. పరీక్ష రోజు కనబడే స్క్రీన్ అదే. టైము చూపించే గడియారం, హైలైట్ చేసుకోవడం, వద్దనుకున్న జవాబు కొట్టేసుకోవడం, తరవాత చూద్దామని జెండా పెట్టుకోవడం, అన్నీ చేతికి అలవాటవ్వాలి. ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో గీతలు గీసే అలవాటుంటే ఇప్పుడే మానుకోవాలి, స్క్రీన్ మీద గీతలు అంత హాయిగా రావు.

మీరు కాంట్రాక్టులు చదువుతారు కాబట్టి రీడింగ్‌లో మీకు ఢోకా ఉండదు. రీజనింగ్‌లో మాత్రం ఆ అనుభవమే కాలికి అడ్డం పడొచ్చు. పనిలో మనం రాయని సంగతి కూడా ఊహించి పట్టుకుంటాం. ఇక్కడ కాగితం మీద ఉన్న మాటలు తప్ప ఇంకేవీ మన దగ్గర లేవు. ఒక ఉదాహరణ: ‘పలాసలో జీడిపప్పు ధర పెరిగింది. కాబట్టి ఈ ఏడాది ఉద్దానంలో జీడి పంట తగ్గింది.’ దీన్ని చదవగానే అవునా కాదా అని ఆలోచించొద్దు. ధర పెరగడానికి ఇంకో కారణం ఉండొచ్చు కదా, దాన్ని కాదనకుండా ముగింపుకి ఎలా దూకాడు అని చూడాలి. ప్రశ్న రకాన్ని బట్టి ఆ కంతని పూడ్చే వాక్యమో, ఇంకా పెద్దది చేసే వాక్యమో అడుగుతాడు. అన్నిటికంటే జనం తడబడేది రెండు రకాల దగ్గర. ఈ ఊహ లేకపోతే వాదన పడిపోతుంది అన్నది ఒకటి, ఈ ఊహ చేరిస్తే వాదన పూర్తిగా నిలబడిపోతుంది అన్నది ఇంకోటి. మొదటిదానికి నా పద్ధతి, ఆ జవాబుని తిరగేసి కాదని చూడటం. కాదనగానే వాదన కూలితే అదే జవాబు.

టైము పెట్టుకుని ఒక భాగం రాశాక, జవాబులు చూడకుండా, అనుమానమున్న ప్రశ్నలన్నీ టైము లేకుండా మళ్ళీ చేయండి. రెండుసార్లూ తప్పు పోయినవి తెలియక పోయినవి. రెండోసారి సరిగ్గా వచ్చినవి కంగారులో పోయినవి. ఈ రెంటికీ చేయాల్సిన పని వేరు. కొత్త పేపర్ల మీద పేపర్లు రాసేస్తూ పోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

ఇంకా కొన్ని. వ్యాసం రాసే భాగం వేరుగా ఉంటుంది, పరీక్ష సెంటర్‌లో రాసినా అది ఇంట్లోంచే, మీకు వీలైన రోజున రాసుకోవాలి. అది పూర్తి చేయకపోతే మొదటిసారి రాసేవాళ్ళకి స్కోరు బయటికి రాదు. దానికీ కెమెరా, గది, ఇదంతా ఉంటుంది, కాబట్టి పిన్నిగారి గది రెండుసార్లు కావాలి. అసలు పరీక్షకి ముందు దీన్ని రాసేస్తే గదికి రిహార్సల్ కూడా అయిపోతుంది. అయిదేళ్ళలో అయిదుసార్లు, మొత్తం జీవితంలో ఏడుసార్లు రాయనిస్తారు. స్కోరు చూసుకుని నచ్చకపోతే రద్దు చేసుకునే సదుపాయం విడిగా కొనుక్కోవచ్చు. కానీ ఇంటి నుంచి రాసే వీలు ఎన్నాళ్ళో ఉండదు. 2026 ఆగస్టు నుంచి దాదాపు అందరూ సెంటర్‌కే రావాలని ప్రకటించారు. ఆరోగ్య కారణాలో, సెంటర్‌కి వెళ్ళలేని గట్టి ఇబ్బందో ఉన్న వాళ్ళకే ఇల్లు. ఇంట్లోంచి జరిగిన మోసాలే దానికి కారణం. వకీలుగారు సంతోషిస్తారు.

---

కాశీబుగ్గ_జీడిపప్పు:

మీ ఉదాహరణకి సమాధానం నేను చెప్తాను. మా పలాసలో ఒలిచే జీడిగింజలన్నీ ఉద్దానానివే కాదు, ఆఫ్రికా నుంచి కూడా దిగుతాయి. అక్కడ సరుకు ఆగినా ఇక్కడ ధర పెరుగుతుంది. ఇది కంతని పెద్దది చేసే వాక్యమేనా?

---

బొబ్బిలి_వీణ:

నూటికి నూరు. మీరు ఎల్‌శాట్‌కి కట్టేయండి.

---

సిక్కోలు_వకీలు:

సంతోషించాను బాబూ, దాచుకోను. అయినా ఈ అమ్మాయి పరీక్ష మాత్రం బాగా రాయాలి. ఒక మాట చెప్పడం మరిచాను. కాగితాల మీద పేరు తేడా వస్తే ఏమవుతుందో రోజూ కోర్టులో చూసేవాణ్ణి. అమ్మా, రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఇచ్చారా?

---

ఇజీనగరం_కోడలు:

అయ్యబాబోయ్, మంచి ప్రశ్న. ఇప్పుడే లేచి చూశాను. పాస్‌పోర్టు పెళ్ళికి ముందుది, అందులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. రిజిస్ట్రేషన్ చేసింది మా ఆయన. అత్తవారి ఇంటిపేరు పెట్టి, నా పేరు ముందు పుట్టింటిది ఒక్క అక్షరం చేశారు. పాస్‌పోర్టు మార్పించాలంటే ఇప్పుడు టైము లేదు, అది మారితే వీసా కాగితాలన్నీ మళ్ళీ మొదలు. ఎల్‌శాక్ ఖాతాలో పేరు మార్చమని, పాస్‌పోర్టు కాపీ జతచేసి ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. తొలేళ్ళూ సిరిమాను రెండూ తప్పించి స్లాట్ చూశాను, ఉదయం పూట ఉంది. పేరు సరిచేశామని జవాబు రాగానే దాన్ని పట్టుకుంటాను. గాజుల సంగతి కూడా అదే మెయిల్లో అడిగేయనా, వేరుగా రాయాలా తమ్ముడూ?

---

బొబ్బిలి_వీణ:

వేరుగా రాయండి అక్కా. ఒక మెయిల్లో రెండు అడిగితే మొదటిదానికే జవాబిస్తారు.